పి0087 వచ్చిందని సెన్సర్ కొనకండి: పొద్దున్నే స్టార్ట్ కాని లారీ

(తెర మీద: మిర్యాలగూడ రైస్ మిల్లు బయట వడ్ల లారీల వరుస. ఇంకా తెల్లారలేదు. సెల్ఫ్ కొడుతున్న శబ్దం.)

అన్నలందరికీ నమస్తే. ఈ శబ్దం వినండి. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజినే అందుకోవట్లేదు. నాలుగోసారి కొడితే కాసేపు దగ్గి, తెల్లపొగ వదిలి అప్పుడు పట్టుకుంది. పగలంతా మాత్రం ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుందట. ఇది 2018 మోడల్, బీఎస్4 బండి. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగే ఉంది. స్కానర్ పెడితే పి0087 చూపించింది, అంటే రైల్‌లో (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టంలో) ప్రెజర్ తక్కువ.

ఈ బండి నా దగ్గరికి వచ్చేసరికే రైల్ ప్రెజర్ సెన్సర్ మార్చేశారు. లైటు మళ్లీ వచ్చింది. తర్వాత హై ప్రెజర్ పంపు మార్చాలన్నారు. పంపు ధర విని ఓనరన్న రెండు రోజులు నిద్రపోలేదు. ఎవరు మార్చారో నాకు అనవసరం. కోడ్‌లో ఏ పేరు కనబడితే ఆ సామాను కొనే అలవాటు మన దగ్గర బాగా పెరిగింది. ఈ వీడియో అందుకే చేస్తున్నాను.

ఊళ్లో నల్లాను గుర్తు తెచ్చుకోండి. ఊరి చివరి ఇంటి అక్క "నల్లా రావట్లేదు" అని ఫోన్ చేసింది. మీరు వెళ్లి కొత్త నల్లా బిగిస్తారా? బిగించరు. ట్యాంకులో నీళ్లున్నాయా, మోటార్ నడుస్తోందా, వాల్వ్ తిప్పారా, మధ్యలో పైపు పగిలిందా అని చూస్తారు. పి0087 అంటే ఆ అక్క ఫోనే. "ఇక్కడ ప్రెజర్ లేదు" అని చెప్పడం వరకే దాని పని. ఎందుకు లేదో ఆ అక్కకు తెలియదు, సెన్సర్‌కూ తెలియదు.

మరి సెన్సరే పాడైతే? దానికి కోడ్‌లు వేరే ఉన్నాయి. పి0192, పి0193 వస్తే రైల్ ప్రెజర్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజ్ తేడా అని అర్థం. అంటే అక్క ఫోన్ లైనే చెడిపోయింది. అప్పుడు కూడా ముందు వైరు, దాన్ని కలిపే కప్లర్ చూసి ఆ తర్వాతే సెన్సర్ దగ్గరికి వెళ్లండి.

పెద్ద బండ్లకు పెట్టే స్కానర్ చాలాసార్లు పి కోడ్‌కు బదులు ఎస్‌పీఎన్, ఎఫ్‌ఎంఐ అని రెండు నంబర్లు చూపిస్తుంది. మొదటిది తేడా ఎక్కడో చెబుతుంది, రెండోది ఎలాంటి తేడానో చెబుతుంది. చాలామంది మొదటిదే రాసుకొస్తారు. రెండోది రాసుకోకపోతే సగం సమాచారం పోయినట్టే. ఎస్‌పీఎన్ 157 అంటే రైల్ ప్రెజర్ విషయం. పక్కన ఎఫ్‌ఎంఐ 3, 4, 5 ఉంటే కరెంటు గొడవ: షార్ట్ అయి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు. 1 గానీ 18 గానీ ఉంటే సెన్సర్ సరిగ్గానే మాట్లాడుతోంది, ప్రెజరే నిజంగా తక్కువ ఉంది. పి0087 చెప్పేదీ ఇదే. అది అర్థం చేసుకుని ఉంటే ఈ బండికి సెన్సర్ ఖర్చు తప్పేది.

ఇక బండి దగ్గరికి వెళ్దాం. మొదట బ్యాటరీలు. 24 వోల్టుల బండికి రెండు బ్యాటరీలు వరుసలో ఉంటాయి. పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందు, ఒక్కోదానికి 12.6 దగ్గర చూపించాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు రెండూ కలిపి 19 కంటే కిందికి పడిపోతుంటే అక్కడే ఆగండి. ఇంజిన్ మెల్లగా తిరిగితే పంపు కూడా మెల్లగానే తిరుగుతుంది, ప్రెజర్ ఎక్కదు. అప్పుడు బ్యాటరీ తప్పుకు కూడా ప్రెజర్ కోడే వస్తుంది! ఛాసిస్ ఎర్త్ కేబుల్ విప్పి, తుప్పు గీకి మళ్లీ బిగించండి. మిల్లుల చుట్టూ తిరిగే బండ్లకు అక్కడ ఊక దుమ్ము, తడి కలిసి ముద్దలా పేరుకుంటుంది.

ఈ బండికి కరెంటు బాగుంది. స్కానర్‌లో లైవ్ డేటా, అంటే అప్పటికప్పుడు మారే లెక్కలు పెట్టి సెల్ఫ్ కొట్టాం. ఇలా ఒకే రైల్ నుంచి డీజిల్ తీసుకునే కామన్ రైల్ ఇంజిన్లు చాలావరకు స్టార్ట్ కావాలంటే రైల్‌లో ప్రెజర్ 200 బార్ దాకా రావాలి. కచ్చితమైన లెక్క కంపెనీని బట్టి మారుతుంది. ఇక్కడ మొదటి మూడు సెల్ఫ్‌లకు 60, 90, 110 దగ్గరే ఊగుతోంది. నాలుగోసారికి టక్కున ఎక్కింది.

మళ్లీ నల్లా దగ్గరికి రండి. నీళ్లు వదిలే టైమ్‌కు మొదట ఏం వస్తుంది? బుస్సుమని గాలి. తర్వాత చిటపటమంటూ తుంపర్లు. ఆ తర్వాతే ధార. రాత్రంతా పైపు ఖాళీ అయింది కాబట్టి ముందు ఆ గాలి పోవాలి. ఈ లారీకి జరుగుతున్నదీ ఇదే. రాత్రి ఆగి ఉన్నప్పుడు పైపులోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది, దాని చోట్లోకి గాలి వస్తోంది. పగలు గంటకోసారి ఆపితే జారేంత టైమ్ ఉండదు, అందుకే ఇబ్బంది కనబడదు. పొద్దున ఒక్కసారే మొరాయిస్తే నేను ముందు గాలినే అనుమానిస్తాను.

"డీజిల్ ఎక్కడా కారట్లేదు కదా అన్నా" అని డ్రైవర్ తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను పంపు పీల్చుకుంటుంది. పీల్చే పైపుకు చిల్లు పడితే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. స్ట్రాకు చీలిక ఉంటే కొబ్బరినీళ్లు రాకుండా గాలి వచ్చినట్టు. కాబట్టి కింద చుక్క కారకపోయినా లీకు లేదని చెప్పలేం.

(దగ్గరగా: ఫిల్టర్ ముందు బిగించిన పారదర్శక పైపు.)

ఇదిగో, ఫిల్టర్‌కు వచ్చే పైపు మధ్యలో జానెడు ప్లాస్టిక్ పైపు పెట్టాను. డీజిల్ తట్టుకునేదే పెట్టండి. సెల్ఫ్ కొట్టు తమ్ముడూ... చూశారా? గసగసాల్లా సన్నటి బుడగలు, మధ్యలో బఠానీ గింజంత పెద్దది. ఇప్పుడు ట్యాంకు వైపు ఒక్కో జాయింట్ వెతుక్కుంటూ పోవాలి. డీజిల్‌లో నీళ్లు వేరుచేసే వాటర్ సెపరేటర్ దగ్గర, పైపును బిగించే బాంజో బోల్టుకు పాత రాగి వాషర్లే మళ్లీ వేశారు. వేలితో తడిమితే అంచు గీరుకుపోయి తగులుతుంది. దాని వెనక రబ్బరు పైపు క్లిప్పు కింద వెంట్రుకంత చీలిక. వంచితేనే కనబడుతుంది.

రెండు కొత్త వాషర్లు, అడుగు పైపు వేసి, హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న డీజిల్ పంపు) గట్టిపడే దాకా కొట్టి గాలి తీశాం. రాత్రంతా బండిని ఇక్కడే ఆపాం. పొద్దున ఐదున్నరకు మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. ప్లాస్టిక్ పైపులో ఒక్క బుడగ లేదు. అది తీసేశాక, ఓనరన్న వడ్ల లోడుతో నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డెక్కాడు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. బుడగలు లేకపోయినా ప్రెజర్ రాకపోతే ఫిల్టర్ మార్చిన తేదీ చూడండి, సెపరేటర్‌లో నీళ్లు వదలండి. ఆ తర్వాత ఇంజెక్టర్ల రిటర్న్, అంటే మిగిలిన డీజిల్ వెనక్కి పోయే పైపు: ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌కు ఒక్కో చిన్న సీసా పెట్టి సెల్ఫ్ కొట్టండి. మిగతా వాటికంటే చాలా ముందు నిండే సీసా ఉంటే ఆ ఇంజెక్టర్ అరిగింది. ఊరి మధ్యలో ఒక ఇంటి నల్లా విప్పేసి వదిలితే చివరి ఇంటికి ప్రెజర్ ఎక్కడ దొరుకుతుంది? పంపు మాట ఇవన్నీ అయ్యాకే.

బండి వేడిగా ఉన్నప్పుడే స్టార్ట్ కాకపోతే కథ వేరు. పి0335 వస్తే ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ వైరు, దాని మొనకు అంటిన ఇనుప రజను చూడండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు లైవ్ డేటాలో ఆర్‌పీఎం సున్నా చూపిస్తే అనుమానం అటే. కోడ్ చెరిపే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఒక్కటి మాత్రం తొందరలో వదలను. పాత ఇంజిన్లకు గాలి తీసినట్టు దీని రైల్ పైపు నట్లు వదులు చేయకండి. నడుస్తున్నప్పుడు అందులో 1,000 బార్ దాటుతుంది. ఆ సన్నటి ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైన సూది గుచ్చినంత గాయమే కనబడినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, డీజిల్ లోపలికి పోయిందని డాక్టర్‌కు చెప్పాలి. గాలి తీయాలంటే ప్రైమర్ దగ్గరే తీయండి.