మెంఫిస్ గాజు, ఫర్నిచర్ కొనాలంటే ముందు అడుగు భాగం చూడండి

[స్క్రీన్ మీద: కార్ల్‌టన్, ముందు నుంచి]

ఇది మెంఫిస్ వాళ్ల పుస్తకాల అల్మరా. మెంఫిస్ అంటే ఇటలీలో మొదలైన ఓ డిజైనర్ల గుంపు. పేరు కార్ల్‌టన్, 1981లో ఆ గుంపుకి పెద్ద దిక్కైన ఎత్తోరే సోత్సాస్ డిజైన్ చేశాడు. ఆరడుగుల పైనే ఎత్తు. అరలు కొన్ని అడ్డంగా, పలకలు కొన్ని ఏటవాలుగా, పైకి చూస్తే ఎవరో రెండు చేతులూ ఎత్తి నిలబడ్డట్టు ఉంటుంది. ఆ ఏటవాలు పలకల పక్కన పుస్తకం నిటారుగా నిలబడదు, ఒరిగిపోతుంది, అలా ఒరిగితేనే అందం.

[క్లోజప్: పలక అంచు]

ఇప్పుడు అంచు చూడండి. టేకు కాదు, రోజ్‌వుడ్ కాదు. మామూలు చెక్క పలక, దాని మీద లామినేట్. మన వంటింటి అల్మరాలకు కార్పెంటర్ అతికించే సన్‌మైకా ఉంది కదా, ఇదీ ఆ జాతిదే. అబెట్ లామినాతి అనే ఇటలీ కంపెనీ చేసేది. అప్పటిదాకా కాఫీ బార్లలో, చవక హోటళ్లలో కనిపించే సరుకుని సోత్సాస్ తెచ్చి డబ్బున్నవాళ్ల హాల్లో పెట్టాడు. నల్ల చుక్కలు, పురుగుల్లా మెలికలు తిరిగే బాక్తేరియో డిజైన్ కూడా ఆయనదే, 1978 నాటిది.

కాబట్టి ఈ వస్తువుల విలువ మెటీరియల్‌లో లేదు. ఇది మనసులో పెట్టుకోకుండా కలెక్షన్ మొదలుపెడితే మోసపోతారు.

కథ క్లుప్తంగా చెప్తాను. 1980 డిసెంబర్ 11 రాత్రి, మిలాన్‌లో సోత్సాస్ ఇంట్లో కొంతమంది కుర్ర డిజైనర్లు కూర్చున్నారు. బాబ్ డిలన్ పాట ఒకటి మళ్లీ మళ్లీ మోగుతోంది, అందులో మెంఫిస్ అనే ఊరి పేరు వస్తుంది, గుంపుకి అదే పేరు పెట్టేశారు. అప్పటికి సోత్సాస్‌కి 63 ఏళ్లు, గుంపులో నతాలీ దు పాస్కియేకి 23. ఆ 63 ఏళ్ల వయసులో, టైప్‌రైటర్లు చేసే ఓలివెత్తి లాంటి పెద్ద కంపెనీకి ఏళ్ల తరబడి పనిచేసి పేరు తెచ్చుకున్న మనిషి, పిల్లలతో కలిసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చే విషయం. 1981 సెప్టెంబర్‌లో మొదటి ఎగ్జిబిషన్ పెట్టారు. కొంతమంది మురిసిపోయారు, కొంతమంది ఛీ అన్నారు.

మన దేశంతో కూడా ఆయనకి సంబంధం ఉంది. 1961లో ఇండియా చూసి వెళ్లాడు, ఆ తర్వాత కిడ్నీ జబ్బు బాగా ముదిరి కాలిఫోర్నియాలో వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది. కోలుకున్నాక, 1964లో, శివుడికి అర్పణ అని పేరు పెట్టి సిరామిక్ పళ్లేలు చేశాడు.

[స్క్రీన్ మీద: మిజార్ వాజ్]

ఇక గాజు. వెనిస్ పక్కన మురానో దీవిలో 1291 నుంచీ గాజు కొలుములున్నాయి. మెంఫిస్ గాజు అక్కడే తోజో వెత్రీ దార్తే అనే వర్క్‌షాప్‌లో తయారైంది, 1982, 83 సంవత్సరాల్లో ఒక బ్యాచ్, 1986లో ఇంకొకటి. మొదటి వాటికి నక్షత్రాల పేర్లు పెట్టారు: సీరియో, మిజార్, ఆల్కోర్. మిజార్ మన సప్తర్షుల్లో వశిష్ఠుడు, ఆల్కోర్ పెళ్లిలో పంతులుగారు చూపించే అరుంధతి.

అసలు గొడవ 1986 సీరీస్‌తో వచ్చింది. మురానో పద్ధతిలో గాజుని వేడి మీదే అతుకుతారు, ఆ తర్వాత మెల్లగా చల్లారనిస్తారు, రెండు రంగుల గాజులు చల్లారేటప్పుడు ఒకే లెక్కలో కుంచించుకోకపోతే అతుకు దగ్గర పగిలిపోతుంది, అందుకే ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలనేది తరాలుగా నేర్చుకున్న విద్య. సోత్సాస్ విడివిడిగా ముక్కలు చేయించి గ్లూతో అతికించేశాడు. సంప్రదాయం పట్టించుకునేవాళ్లకి ఇది తప్పే. కానీ వేడి మీద కుదరని రంగులూ ఆకారాలూ అలా కుదిరాయి.

[క్లోజప్: రెండు అతుకులు పక్కపక్కన]

కొనేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. ఎడమవైపు వేడి అతుకు, గాజు గాజులో కరిగి కలిసిపోయింది, గీత కనపడదు, అంచు గుండ్రంగా ఉంది. కుడివైపు గ్లూ అతుకు, సన్నటి తిన్నని గీత, ఒక్కోసారి లోపల బుడగలు, కాలం గడిచేకొద్దీ కాస్త పసుపు రంగు. మామూలు మురానో వాజ్‌లో ఈ గీత కనిపిస్తే అది పగిలి అతికించిందేమో అని అనుమానించాలి, ధర పడిపోతుంది. 1986 మెంఫిస్ ముక్కలో అదే గీత ఒరిజినల్. అయితే ఎక్కడుందో చూడండి: రెండు భాగాలు కలిసే చోట ఉంటే సరే, ఒకే రంగు గాజు మధ్యలోంచి అడ్డంగా పోతుంటే మాత్రం అది విరిగిందే.

తర్వాత తిరగేసి అడుగు చూడండి. గాజు మీద చెక్కిన సంతకం ఉండాలి, సోత్సాస్ పేరు, మెంఫిస్ పేరు, చేసిన వర్క్‌షాప్ పేరు. తోజో అని ఉంటే తొలి రోజుల ముక్క అయ్యే అవకాశం ఎక్కువ. అవే డిజైన్లు తర్వాత వేరే వర్క్‌షాప్‌లోనూ తయారయ్యాయి, అవి నకిలీలు కావు, కానీ తొలి ముక్కల ధర వాటికి పెట్టక్కర్లేదు. ఫర్నిచర్‌కి కూడా ఇదే మాట. చాలా డిజైన్లు ఇప్పటికీ తయారవుతున్నాయి, వస్తువు మీద 1981 అని కనపడగానే 1981లో చేసిందనుకోవద్దు, అది డిజైన్ సంవత్సరం కావచ్చు.

ధరల విషయంలో ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకు వెళ్తాను. ఇంగ్లిష్ పాటగాడు డేవిడ్ బోవీ దగ్గర చాలా మెంఫిస్ వస్తువులుండేవి, 2016లో సోథబీస్ వేలం వేసింది. అందులో సోత్సాస్, పెర్రీ కింగ్ కలిసి ఓలివెత్తికి చేసిన ఎర్ర వాలెంటైన్ టైప్‌రైటర్‌కి 300 నుంచి 500 పౌండ్లు వస్తాయనుకుంటే, 45,000 పౌండ్లు పలికింది. అది బోవీ పేరుకి పలికిన ధర. ఆ టైప్‌రైటర్ ఫ్యాక్టరీలో కుప్పలుగా తయారైన వస్తువు, అది చూపించి ఎవరైనా మీకు రేటు చెప్తే నమస్కారం పెట్టి వచ్చేయండి.

బడ్జెట్ తక్కువైతే వంటింటి సామాన్లు చేసే ఇటలీ కంపెనీ అలెస్సీ నుంచి మొదలుపెట్టండి. మెంఫిస్ మొదటి ఎగ్జిబిషన్‌లో ప్లాజా డ్రెస్సింగ్ టేబుల్ పెట్టిన మైకేల్ గ్రేవ్సే 1985లో అలెస్సీకి ఓ కెటిల్ చేశాడు, నీళ్లు మరిగితే మూతి మీద ఎర్ర పిట్ట ఈల వేస్తుంది. అలెస్సాంద్రో మెందీని అనే డిజైనర్ 1994లో అలెస్సీకి చేసిన అన్నా జి కార్క్‌స్క్రూ, అంటే సీసా బిరడా తీసే సాధనం, కూడా ఉంది. రెండూ రోజూ వాడుకోవచ్చు. గ్లూ అతుకులున్న గాజుని మాత్రం వేడి నీళ్లలో కడగొద్దు, ఎండలో కిటికీ దగ్గర పెట్టొద్దు, ఎత్తేటప్పుడు పిడి పట్టుకోకుండా అడుగు నుంచి రెండు చేతులతో ఎత్తండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే అడుగు భాగం ఫోటో, ప్రతి అతుకు దగ్గర క్లోజప్, రెండూ అడగండి. పంపించనంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి.