పల్లెటూరి పబ్‌లో ఆదివారం భోజనం

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు ఆవిడ ఈ రోజు మన అతిథి. అమ్మానాన్నలను పబ్‌కు భోజనానికి తీసుకువెళ్తాననగానే వాళ్లేమన్నారండీ?

అతిథి: నాన్నగారు ససేమిరా అన్నారండీ. పబ్ అంటే చీకటి గది, చెవులు దద్దరిల్లే పాటలు అనే మన నగరాల ఊహే ఆయన మనసులో ఉంది. పబ్లిక్ హౌస్ అన్న మాటే కుదించుకుపోయి పబ్ అయిందని, అంటే అది నలుగురి కోసం తలుపు తెరిచి ఉంచిన ఇల్లని నచ్చజెప్పి తీసుకువెళ్లాను. లోపల తలకు తగిలేంత కిందికి దిగిన నల్లని దూలాలు, గోడలోని పొయ్యిలో కట్టెల మంట, ఒక బల్ల దగ్గర మనవరాలికి బంగాళదుంప చిదిపి పెడుతున్న బామ్మ కనిపించేసరికి, ఆయన మఫ్లర్ విప్పి కుర్చీకి తగిలించారు.

వ్యాఖ్యాత: బయట చెట్టు బొమ్మ ఉన్న బోర్డు వేలాడుతోందని చెప్పారు.

అతిథి: అవునండీ, దాని పేరు రాయల్ ఓక్. ఆ దేశంలో ఈ పేరుతో ఎన్నో పబ్బులున్నాయి. 1651లో వూస్టర్ యుద్ధంలో ఓడిపోయిన రెండవ చార్లెస్ (తర్వాత ఇంగ్లండ్ రాజయ్యాడు), వెతుకుతున్న సైనికులకు చిక్కకుండా బాస్కొబెల్ దగ్గర ఒక ఓక్ చెట్టెక్కి దాక్కున్నాడు. ఆ చెట్టే ‘రాజుగారి ఓక్’ అనే ఈ పేరుకు మూలం. చదువు రానివారు ఎక్కువగా ఉన్న ఆ కాలంలో జనం బొమ్మను బట్టే పబ్‌ను గుర్తుపట్టేవారు.

వ్యాఖ్యాత: వడ్డించేవారు బల్ల దగ్గరకే వచ్చి అడిగారా?

అతిథి: లేదండీ. చాలా చోట్ల మనమే బల్ల నంబరు చూసుకుని, కౌంటరు దగ్గరకు వెళ్లి ఏం కావాలో చెప్పి డబ్బు కట్టాలి. అక్కడ వరుస కనిపించదు గానీ, తనకంటే ముందు ఎవరు వచ్చారో ప్రతివారికీ గుర్తుంటుంది.

వ్యాఖ్యాత: అమ్మగారు మాంసం ముట్టరు కదా, ఆవిడకు ఏం దొరికింది?

అతిథి: ఈ విషయం మన వాళ్లందరికీ చెప్పాలని నాకు ఎంతో ఉంది. ఆదివారపు రోస్ట్‌లో, అంటే కాల్చిన మాంసం, బంగాళదుంపలు, గ్రేవీతో వడ్డించే ఆదివారం భోజనంలో, మాంసం ముక్కలు తీసేసినంత మాత్రాన పళ్లెం శాకాహారం అయిపోదు. బంగాళదుంపలను బాతు కొవ్వులోనో గొడ్డు కొవ్వులోనో వేయించే ఆనవాయితీ ఉంది; గ్రేవీని మాంసం నుంచి కారిన రసంతో కాస్తారు. అందుకే ముందుగానే అడిగి, గింజలూ పప్పులూ కలిపి కాల్చిన నట్ రోస్ట్‌ను, వేరుగా చేసిన గ్రేవీని తెప్పించాను. యార్క్‌షైర్ పుడ్డింగ్‌ను కూడా కొవ్వులో కాల్చలేదని కనుక్కున్నాను.

వ్యాఖ్యాత: పుడ్డింగ్ అంటే తీపి వంటకం కాదా?

అతిథి: అమ్మ కూడా అలాగే అనుకుని దాన్ని చివరికి దాచుకోబోయింది! అది మైదా, గుడ్డు, పాలు కలిపిన జారు పిండిని వేడివేడి నూనెలో పోసి పొయ్యిలో పెడితే అంచులు కరకరలాడుతూ, నడుమ గుంటపడి పొంగే గిన్నెలాంటిది. అమ్మ గుడ్డు తింటుంది కనుక ఇబ్బంది లేదు. ఆ గుంటలో గ్రేవీ పోసి చూపించగానే, అన్నం నడుమ గుంట చేసి పప్పుచారు పోసుకున్నట్టే ఉందని మురిసిపోయి, అంచులు తుంచి అందులో ముంచుకుని తిన్నది.

వ్యాఖ్యాత: మరి నాన్నగారు?

అతిథి: ఖర్జూరాలతో చేసిన స్టికీ టాఫీ పుడ్డింగ్ మీద వేడి కస్టర్డ్ పోయించుకున్నారండీ. పక్క బల్ల వాళ్ల కుక్క వచ్చి ఆయన బూటు మీద తల పెట్టుకుని నిద్రపోయింది. అది లేచేదాకా ఆయన కాలు కదపలేదు.