పాత అడ్రసుకు వెళ్ళిన ఉత్తరం, మావారి పేరున వారంటు

నమస్కారం అండీ. మేము ఇప్పుడు డాలస్ శివార్లలోని ఒక చిన్న నగరపు మునిసిపల్ కోర్టు ముందు, పార్కింగ్‌లో ఉన్నాము. కోర్టు హాలులో కెమెరా వాడనివ్వరు కనుక, మావారి వంతు రావడానికి ఇంకా గంట సమయం ఉంది కనుక, ఈ నెల రోజుల్లో మేము తెలుసుకున్నదంతా కారులోనే కూర్చుని మీకు చెబుతాను. మావారి పేరు మీద వారంటు ఉందని మూడు వారాల క్రితం తెలిసింది. ఆ మాట విన్న రాత్రి మా ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు. మన ఊళ్ళలో వారంటు అంటే పోలీసులు ఇంటికి వచ్చి మనిషిని తీసుకువెళ్ళడమే. తెనాలిలో ఉన్న మామయ్యగారికి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. పని పూర్తయ్యాక మావారే చెబుతానన్నారు.

విషయం బయటపడింది డ్రైవింగ్ లైసెన్సు దగ్గర. టెక్సాస్‌లో హెచ్-1బి మీద ఉన్నవారికి లైసెన్సు గడువు కూడా వీసా స్టేటస్ గడువుతోనే ముగుస్తుంది కాబట్టి, పొడిగింపు వచ్చిన ప్రతిసారీ డీపీఎస్ (లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర శాఖ) ఆఫీసుకు వెళ్ళి కొత్తది తీసుకోవాలి. ఈసారి కౌంటరులో ఉన్న ఆమె స్క్రీను చూసి, ఒక కోర్టు హోల్డ్, అంటే లైసెన్సు ఇవ్వకుండా అడ్డు, పెట్టింది, అది తీసేదాకా రెన్యూ చేయడం కుదరదని చెప్పారు. బయటికి వచ్చాక నేను "ఏవండీ, రెండేళ్ళ క్రితం స్పీడు టికెట్టు వచ్చింది కదా, అది కట్టారా?" అని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కట్టలేదు. టికెట్టు వచ్చిన మూడు వారాలకే మేము అర్వింగ్ నుంచి ఫ్రిస్కోకు ఇల్లు మారాము. పెట్టెలు సర్దే హడావిడిలో ఆ కాగితం ఎక్కడో పోయింది. కోర్టు పంపిన ఉత్తరాలన్నీ పాత అపార్టుమెంటుకే వెళ్ళాయి.

ఇక్కడ మేము చేసిన పొరపాటు మనలో చాలామంది చేసేదే కనుక వివరంగా చెబుతాను. ఇల్లు మారిన పది రోజుల్లో ఇమిగ్రేషన్ వారికి ఏఆర్-11 అనే అడ్రసు మార్పు ఫారం పంపాలన్నది మనవాళ్ళందరికీ తెలుసు. మావారు దానిని మరుసటి రోజే ఆన్‌లైన్‌లో పంపి, అడ్రసు మార్పు పూర్తయిందని అనుకున్నారు. ఆ కాగితం కోర్టుకు గానీ డీపీఎస్‌కు గానీ చేరదు. టెక్సాస్‌లో లైసెన్సు మీద అడ్రసును 30 రోజుల్లోగా మార్పించుకోవాలి. టికెట్టు ఇంకా తేలకుండా ఉంటే కోర్టుకు విడిగా తెలియజేయాలి. పోస్టాఫీసులో ఉత్తరాలను కొత్త ఇంటికి మళ్ళించమని అర్జీ పెట్టి ఉన్నా కొంత మేలు జరిగేది. మేము ఆ మూడింటిలో ఒక్కటీ చేయలేదు. ఇంకొక మాట: పోలీసు రోడ్డు మీద టికెట్టు మీద సంతకం చేయమన్నప్పుడు అది తప్పు ఒప్పుకోవడం అని మనం భయపడతాము. అది ఒప్పుకోలు కాదు, ఫలానా తేదీలోగా కోర్టుకు జవాబు చెబుతానని ఇచ్చే మాట. ఆ మాట తప్పినందుకు వేరే కేసు కూడా పడవచ్చు.

కోర్టుకు రానందుకు జడ్జి ఇచ్చే వారంటును అందరూ బెంచ్ వారంటు అంటారు గానీ, టెక్సాస్‌లోని చిన్న కోర్టుల కాగితాల మీద సాధారణంగా వేరే పేర్లు కనిపిస్తాయి. జవాబే చెప్పకుండా తేదీ దాటిపోతే వచ్చేది అలియాస్ వారంటు. తీర్పు వచ్చి, జరిమానా ఖాయమై, ఆ డబ్బు కట్టకపోతే వచ్చేది కేపియస్ ప్రో ఫైన్. ఈ రెండిటికీ పరిష్కారం ఒకటి కాదు కనుక, మీది ఏది అన్నది ముందుగా తెలుసుకోవాలి. మావారిది మొదటిది.

తెలుసుకోవడం ఎలా అన్నది మాకు పెద్ద చిక్కుగా తోచింది. ఎందుకంటే అమెరికా అంతటికీ కలిపి మామూలు మనుషులు చూడగలిగే వారంటుల జాబితా ఒకటి లేదు. పోలీసులు చూసే జాతీయ డేటాబేస్ మనకు తెరుచుకోదు. డబ్బు తీసుకుని పేరు వెదికి పెడతామనే ప్రైవేటు సైట్లలో కనిపించేది పాతదో, ఇంకొకరిదో అయ్యే అవకాశం ఎక్కువ కనుక వాటికి మీరు ఒక్క డాలరు కూడా ఇవ్వవద్దు. ముందు ఏ కోర్టు అన్నది తేల్చుకోవాలి. టికెట్టు రాసినది నగర పోలీసు అయితే కేసు ఆ నగరపు మునిసిపల్ కోర్టులో ఉంటుంది. స్టేట్ ట్రూపరో (రాష్ట్ర పోలీసు), కౌంటీ షెరిఫ్ డెప్యూటీయో రాసి ఉంటే, ఆ రోడ్డు కౌంటీలోని ఏ ప్రిసింక్ట్ (విభాగం) కిందికి వస్తుందో ఆ జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులో, అంటే చిన్న కేసులు చూసే స్థానిక కోర్టులో ఉంటుంది. డాలస్ చుట్టుపక్కల ఒక నగరం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో రోడ్డు మీద తెలియదు కాబట్టి, ఆపినది ఎవరు, ఎక్కడ అన్నది గుర్తు తెచ్చుకోవడమే సగం పని.

కోర్టు తెలిస్తే ఆ నగరపు అధికారిక వెబ్‌సైటులో లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇచ్చి కేసు వెదకవచ్చు. పేరుతో వెదికేవారు మన పేర్లు ఇక్కడి రికార్డుల్లో ఎన్ని విధాలుగా చేరతాయో గుర్తుంచుకోవాలి. ఇంటిపేరు మొదటి పేరుగా, అసలు పేరు చివరి పేరుగా పడిన రికార్డులు ఉంటాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి వీసా మీద ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని చేరుతుంది. పొడవైన పేరు మధ్యలో రెండుగా విరిగిపోయి ఉంటుంది. మావారి పేరు మామూలు వరుసలో వెదికితే ఏమీ కనిపించలేదు. తారుమారు చేసి వెదికిన తరువాతే కేసు నంబరు, పక్కనే వారంటు అన్న పదం కనిపించాయి. కనిపించలేదంటే లేదని అర్థం కాదని నేను ఆ రోజు నేర్చుకున్నాను. లైసెన్సు మీద ఏ హోల్డ్‌లు ఉన్నాయో డీపీఎస్ లైసెన్సు అర్హత పేజీలో కూడా చూడవచ్చు.

ఆ తరువాత నేను కోర్టు క్లర్కుకు ఫోన్ చేశాను. నంబరును నగర వెబ్‌సైటు నుంచే తీసుకున్నాను. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మీ పేరు మీద వారంటు ఉంది, ఇప్పుడే గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి, లేదంటే పోలీసులు బయలుదేరుతున్నారని బెదిరించే మోసపు ఫోన్లు ఇక్కడ చాలా వస్తాయి. ఏ కోర్టూ గిఫ్ట్ కార్డులతో జరిమానా తీసుకోదు. అటువంటి ఫోన్ వస్తే పెట్టేసి, మీరే స్వయంగా కోర్టు నంబరు వెదికి ఫోన్ చేయండి. క్లర్కు న్యాయ సలహా ఇవ్వరు. అయితే కేసు ఏ స్థితిలో ఉంది, వారంటు ఏ రకానిది, మొత్తం ఎంత, బాండు అవసరమా, అపాయింటుమెంటు లేకుండా జడ్జి ముందుకు రాగలిగే వేళలు ఏవి అన్నవి చెబుతారు. ఆయన స్వయంగా వస్తే అక్కడే అరెస్టు చేస్తారా అని నేను నేరుగానే అడిగాను. తమ కోర్టులో తనంతట తాను పరిష్కరించుకోవడానికి వచ్చినవారిని అరెస్టు చేయరని ఆమె సౌమ్యంగా చెప్పారు. ఆ ఒక్క మాటతో నాకు గుండె దిటవయింది. మీ కోర్టు పద్ధతి ఏమిటో మీరు కూడా ముందుగా అడగండి. అంతే తప్ప, వివరం తెలుసుకుందామని పోలీసు స్టేషనుకు మాత్రం వెళ్ళవద్దు. వారంటు అమలు చేయడమే వారి పని.

ఇందులో చట్టం కూడా మన వైపు కొంత ఉంది. 2017లో టెక్సాస్ శాసనసభ చేసిన మార్పుల ప్రకారం, ఇటువంటి చిన్న కేసులో మొదటి తేదీకి రాలేదని వారంటు జారీ చేసే ముందు కోర్టు మరో తేదీతో నోటీసు ఇవ్వాలి. వారంటు అమలు కాకముందే మనిషి తనంతట తాను వచ్చి, నిజాయితీగా పరిష్కరించుకోవడానికి ప్రయత్నిస్తే, జడ్జి ఆ వారంటును వెనక్కి తీసుకోవాలి. రోడ్డు మీద మళ్ళీ ఎవరో ఆపి, కంప్యూటరులో చూసి, చేతులకు బేడీలు వేసిన తరువాత ఈ వెసులుబాటు ఉండదు. నేను మావారిని రోజూ తొందర పెట్టింది అందుకే.

డబ్బు లేక ఆగిపోయినవారికి కూడా ఒక మాట చెప్పాలి. ఉద్యోగం పోయి, లేదా చదువుకుంటూ, జరిమానా కట్టలేక కోర్టు ముఖం చూడటానికే భయపడే పిల్లలు మనలో ఉన్నారు. 1971లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చిన టేట్ వర్సెస్ షార్ట్ కేసు ఇదే టెక్సాస్‌లోని హ్యూస్టన్‌ది. ట్రాఫిక్ జరిమానాలు మొత్తం 425 డాలర్లు కట్టలేని ఒక పేదవాడిని, రోజుకు 5 డాలర్ల లెక్కన 85 రోజుల నిర్బంధానికి పంపారు. కట్టే స్తోమత లేదన్న ఒక్క కారణంతో జరిమానాను జైలుగా మార్చకూడదని కోర్టు చెప్పింది. కాబట్టి జడ్జి ముందు నిలబడి కట్టలేనని చెప్పుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. వాయిదాలు అడగవచ్చు, సామాజిక సేవగా మార్చమని అడగవచ్చు, పరిస్థితిని బట్టి తగ్గించమని, మాఫీ చేయమని కూడా అడగవచ్చు. ఇంగ్లీషు కష్టమైతే తెలుగు దుబాసీ కావాలని ముందుగానే కోరండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన సంగతికి వస్తాను. ఆన్‌లైన్‌లో కార్డుతో జరిమానా కట్టేస్తే వారంటు పోతుందని స్నేహితులు చెబుతారు. చాలా కేసులలో పోతుంది కూడా. కాని కట్టడం అంటే కేసు పోరాడనని ఒప్పుకోవడం, దాని ఫలితం శిక్ష పడినట్లే నమోదు కావడం. స్పీడు టికెట్టుకైతే దాని ప్రభావం చాలావరకు ఇన్సూరెన్సు మీదే ఉంటుంది. దుకాణంలో చిన్న వస్తువు విషయంలో వచ్చిన టికెట్టు అయితే అలా కాదు. టెక్సాస్‌లో 100 డాలర్లకు తక్కువ విలువైన దొంగతనం కూడా ట్రాఫిక్ టికెట్టులాగే జరిమానాతో పోయే క్లాస్ సి నేరమే. కాగితం చూడటానికి ఒకేలా ఉంటుంది. కాని ఇమిగ్రేషన్ చట్టం దొంగతనాన్ని నైతిక పతనానికి చెందిన నేరంగా చూడగలదు. ఒప్పుకోలు ఇచ్చి, కొంత షరతు నెరవేర్చి, చివరికి కొట్టేయించుకున్న కేసును కూడా శిక్షగానే లెక్కించగలదు. ఎఫ్-1 మీద వచ్చిన ఒక విద్యార్థి భయంతో రాత్రికి రాత్రే కార్డు గీకి, గ్రీన్‌కార్డు దగ్గర ఏళ్ళ తరువాత దానికి జవాబు చెప్పుకోవలసిన స్థితి రావచ్చు. అటువంటి టికెట్టు గానీ, తాగి నడిపిన కేసు గానీ, ఇంటి గొడవలో పెట్టిన కేసు గానీ ఉంటే, క్లర్కు దగ్గరికి ఒంటరిగా వెళ్ళకండి, డబ్బు కట్టకండి. ముందు క్రిమినల్ లాయరును, ఆయనతో పాటు ఇమిగ్రేషన్ లాయరును కలవండి. వారంటు ఉందో లేదో లాయరు చూడగలరు, ముందుగా బాండు ఏర్పాటు చేయగలరు, వారంటు వెనక్కి తీసుకోమని కోర్టులో మోషన్ (అర్జీ) వేయగలరు. ఒప్పుకోలు వల్ల దేశం నుంచి పంపివేసే ప్రమాదం ఉంటే ఆ మాట చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత అని 2010లో పడీలా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. లాయరు దానిని ప్రస్తావించకపోతే మీరే అడగండి.

మావారు పిలుస్తున్నారు, వంతు వచ్చిందట. లోపలికి వెళ్ళి వచ్చి మిగిలినది చెబుతాను.

ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. లోపల మాకు ముందు పదిమంది దాకా ఉన్నారు. జడ్జి ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఏమి జరిగిందని అడిగారు. మావారు కథ పెంచకుండా, ఇల్లు మారానని, అడ్రసు మార్పించుకోకపోవడం తన తప్పేనని, నోటీసు చూడలేదని చెప్పి, పాత లీజు ముగిసిన తేదీ, కొత్త లీజు మొదలైన తేదీ ఉన్న కాగితాలు చూపించారు. జడ్జి వారంటును వెనక్కి తీసుకుని, కొత్త అడ్రసును అక్కడే రికార్డులో రాయించారు. టికెట్టు కొట్టేయించుకోవడానికి చేసే డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు అడిగే గడువు ఎప్పుడో దాటిపోయింది కనుక ఆ హక్కు పోయింది. స్పీడు టికెట్టుకు జరిమానా, దాని మీద కోర్టు ఖర్చులు, లైసెన్సు హోల్డుకు 10 డాలర్ల ఫీజు పడ్డాయి. రెండేళ్ళ క్రితం సమయానికి కోర్సు అడిగి ఉంటే ఇందులో చాలావరకు ఉండేది కాదు.

బయటికి వచ్చే ముందు, వారంటు రద్దయినట్లు కేసు నంబరుతో రాసి, కోర్టు ముద్ర వేసిన కాగితం ఇవ్వమని క్లర్కును అడిగి తీసుకున్నాము. రశీదు ఒక్కటే సరిపోదు. కోర్టులో రద్దయినది పోలీసు కారులోని స్క్రీను దాకా చేరడానికి సమయం పట్టవచ్చు కాబట్టి, ఒక ప్రతిని కారులో, ఒకటి ఇంట్లో, ఒకటి ఫోనులో ఉంచుతున్నాము. పౌరసత్వానికి ఎన్-400 నింపే రోజున టికెట్టు గురించి కూడా ప్రశ్న ఎదురవుతుంది కనుక, అసలు కాగితాన్ని పాస్‌పోర్టుల ఫైలులో పెట్టాను. లైసెన్సు మీది హోల్డు తొలగడానికి ఇంకొన్ని పనిదినాలు పడుతుందని చెప్పారు. ఆయన రోజూ ఉదయం డీపీఎస్ పేజీ తెరిచి చూస్తానన్నారు. ఆయన పాత లైసెన్సు గడువు ముగిసింది కనుక, కొత్తది చేతికి వచ్చేదాకా బాబును స్కూలుకు, ఆయనను ఆఫీసుకు నేనే దింపుతాను. ఇంటికి వెళ్ళాక మామయ్యగారికి ఫోన్ చేయాలి. అక్కడ ఇప్పుడు అర్ధరాత్రి, తెల్లవారే దాకా ఆగుతాము.