కొత్తవలస దాకా దారి ఒకటే: బీటెక్ నుంచి ఫిజిక్స్ మాస్టర్స్‌కి

"అన్నా, నాది ఈసీఈ, సీజీపీఏ 8.7. జర్మనీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ సీటు వస్తుందా?"

నాకు ఇలాంటి మెసేజీలే వస్తుంటాయి. అందరూ మార్కులు చెబుతారు, ఏం చదివారో చెప్పరు. అక్కడ ముందు చూసేది అదే.

విశాఖ నుంచి విజయనగరం వెళ్లే రైలు, అరకు వెళ్లే రైలు ఒకే దారిన బయలుదేరతాయి. సింహాచలం, పెందుర్తి, కొత్తవలస. అక్కడ అరకు వైపు వెళ్లే కిరండూల్ లైను విడిపోతుంది. ఇంజనీరింగ్ మన విజయనగరం రైలు, ఫిజిక్స్ అరకు రైలు. కాల్క్యులస్, మ్యాట్రిసెస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అన్నీ కొత్తవలస దాకా ఉన్న దారి. ఫిజిక్స్ వాళ్లూ అదే చదివారు. "మళ్లీ బీఎస్సీ చెయ్యాలి" అని ఎవరైనా అంటే నమ్మకండి. కొత్తవలసలో ఉన్నవాణ్ని వెనక్కెళ్లి విశాఖలో రైలెక్కమన్నట్టు ఉంటుంది.

అలాగని అరకు వచ్చేసిందనీ అనుకోకండి. శృంగవరపుకోట దాటాక ఘాట్, వరసగా సొరంగాలు. అరకు ముందున్న శిమిలిగుడ స్టేషన్ చేరేసరికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. మనకు నాలుగు సొరంగాలు: క్లాసికల్ మెకానిక్స్, ఎలక్ట్రోడైనమిక్స్, క్వాంటమ్, స్టాటిస్టికల్ మెకానిక్స్.

[బోర్డు మీద లోలకం]

దారానికి వేలాడే గుండు చూడండి. ఇంజనీరింగ్‌లో బరువు ఇటు, దారం లాగే బలం అటు అని బాణాలు గీసి సమీకరణం రాస్తాం. ఫిజిక్స్ క్లాసులో దారం లాగుడు జోలికే వెళ్లరు. గతిశక్తిలోంచి స్థితిశక్తి తీసేస్తారు. అదే లగ్రాంజియన్. ఇక కోణం ఒక్కటి పట్టుకుని లెక్క నడుపుతారు. జవాబు అదే వస్తుంది. మరి ఎందుకీ తిప్పలు? క్వాంటమ్‌లోకి వెళ్లాక బలాల బాణాలు పనికిరావు, అంతా శక్తితోనే నడుస్తుంది. మొదటి సొరంగం దాటనివాళ్లకు మూడోది చీకటే. నాకు ఫిజిక్స్ మీద ప్రేమ పుట్టింది ఈ గుండు దగ్గరే.

ఈసీఈ వాళ్లు "మాకు ఈఎం వేవ్స్ (విద్యుదయస్కాంత తరంగాల సబ్జెక్టు) ఉంది కదా, ఎలక్ట్రోడైనమిక్స్ అదేగా" అంటారు. ఉంది. మ్యాక్స్‌వెల్ సమీకరణాలు మీకు బాగా వచ్చు. కానీ అది సగం సొరంగమే. వాటిని రెలటివిటీతో కలిపి చూడటం ఇంకా మిగిలింది.

క్వాంటమ్ మెకానిక్స్‌కి పునాది వేసినవాళ్లలో ఒకడైన పాల్ డిరాక్ కూడా ఇలా లైను మారినవాడే. 1921లో బ్రిస్టల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, అక్కడే గణితం చదివి, ఆ తర్వాతే కేంబ్రిడ్జ్ వెళ్లాడు. మధ్యలో ఆగి ఖాళీ పూడ్చుకున్నాడు.

జర్మనీలో మాస్టర్స్ సాధారణంగా 120 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్ 25 నుంచి 30 గంటల చదువు. చేరేవాళ్లకు డిగ్రీలోనే థియరిటికల్ ఫిజిక్స్‌లో కనీసం ఇన్ని క్రెడిట్లు ఉండాలని చాలా యూనివర్సిటీలు ముందే రాసిపెడతాయి. వాళ్ల మాడ్యూల్ హ్యాండ్‌బుక్ (ఏ సబ్జెక్టులో ఏం చెబుతారో రాసిన పుస్తకం), మీ సిలబస్ పక్కపక్కన పెట్టి వరసగా చూసుకోండి. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ మా తమ్ముడి సిలబస్ తెరవకుండానే ఎనిమిది అప్లికేషన్లు పంపింది. ఎనిమిదింటికీ ఒకటే జవాబు: ఫిజిక్స్ క్రెడిట్లు చాలవు. వాడు నెలరోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. తక్కువైన సబ్జెక్టులు చేరాక చదవాలన్న షరతుతో సీటిచ్చే యూనివర్సిటీలు ఉన్నాయి. మన చదువు పత్రాలు సరైనవేనని పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ 2022 నవంబరు నుంచి జర్మనీ స్టూడెంట్ వీసాకి మనవాళ్లకు తప్పనిసరి. అక్కడ ఏడాది ఖర్చులకని వీసా కోసం ముందే వేసి చూపించాల్సిన బ్లాక్డ్ అకౌంట్ మొత్తం 2024 సెప్టెంబరులో 11,904 యూరోలకు పెరిగింది. బాడెన్ వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో సెమిస్టరుకు 1,500 యూరోల ఫీజు కూడా ఉంటుంది. జర్మనీ కాకుండా, ఇటలీలోని ట్రియెస్టేలో ఐసీటీపీ అనే అంతర్జాతీయ ఫిజిక్స్ పరిశోధన కేంద్రం ఇచ్చే డిప్లొమా ఏడాది కోర్సు, ఎంపికైతే స్కాలర్‌షిప్ వాళ్లే ఇస్తారు. ఖాళీ పూడ్చుకోవడానికి నాకు అన్నిటికన్నా నచ్చిన దారి అది.

ఇవాళ రాత్రి మార్కుల లిస్టు తీసి ఆ నాలుగు సొరంగాల్లో ఏవి దాటారో టిక్ పెట్టండి. ఈసారి మెసేజీలో సీజీపీఏ వద్దు, ఆ సబ్జెక్టుల పేర్లు పంపండి.