ప్లేట్‌లెట్లు 22,000: ల్యాబ్‌లోకి ఏఐ వస్తే ఏమవుతుంది?

నమస్తే. నల్గొండ నుంచి మాట్లాడుతున్నా. పదహారేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఈ వీడియోకి కారణం మా మేనకోడలు. దేవరకొండలో ఉంటుంది, డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా, రెండో సంవత్సరం. మొన్న పొద్దున్నే ఫోన్ చేసింది. "మామా, ఏఐ వచ్చి స్లైడ్లు అదే చదివేస్తదట. క్లాస్‌ల అందరికీ టెన్షన్‌గ ఉంది. ఇంకో కోర్సుల చేరమంటవా?" అని. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. సాయంత్రం చెప్తానని పెట్టేశా.

స్లైడ్ అంటే రక్తమో కణాలో పలచగా పరిచిన గాజు ముక్క, మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తాం. ఏఐ దాన్ని చదివేస్తుందా అంటే, చదువుతుంది. అందులో అనుమానం లేదు. ఇది నిన్నమొన్నటి ముచ్చట కూడా కాదు. ప్యాప్ స్మియర్, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష స్లైడ్లను న్యూరల్ నెట్‌వర్క్ అనే ఒక రకం ఏఐతో మళ్లీ తనిఖీ చేసే పాప్‌నెట్ అనే యంత్రానికి, మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 1995లోనే అనుమతిచ్చింది. ప్రోస్టేట్ బయాప్సీలో క్యాన్సర్ అనుమానం ఉన్న చోటు చూపించే సాఫ్ట్‌వేర్‌కు 2021లో ఇచ్చింది. అదే ఏడాది, 15 ఏళ్లు, ఆపై వయసు వాళ్లలో టీబీ కోసం తీసే ఛాతీ ఎక్స్‌రేను కంప్యూటర్‌తో చదివించొచ్చని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. మన పక్కన బెంగళూరులోనే సిగ్‌టపుల్ అనే కంపెనీ ఉంది. వాళ్ల యంత్రంలో రక్తం స్లైడ్ పెడితే కణాల ఫొటోలు తీసి, రకాలవారీగా విడగొట్టి తెర మీద పెడుతుంది. నేను వేళ్లతో టకటకా మీటలు నొక్కుతూ వంద తెల్లకణాలు లెక్కపెట్టిన పనే అది. ఆ పని పోతే నేనైతే ఏడవను.

ఇప్పుడు ఒక మనిషి కథ చెప్తా.

మూడేళ్ల కింద, సెప్టెంబర్, డెంగీ సీజన్. కనగల్ వైపు నుంచి ఒక పత్తి రైతు వచ్చాడు. జ్వరం తగ్గి రెండు రోజులైంది. చేతిలో వేరే ల్యాబ్ రిపోర్ట్. ప్లేట్‌లెట్లు 22,000. ఉండాల్సింది లక్షన్నర పైన. బామ్మర్ది అప్పటికే హైదరాబాద్‌కు కారు మాట్లాడాడు, ఆస్పత్రి ఖర్చుకు అప్పు కూడా అడిగి ఉంచాడు. వెళ్లే ముందు ఇంకోసారి చూద్దామని మా దగ్గరికి వచ్చారు. ఆ రైతేమో బెంచీ మీద కూర్చుని మిర్చిబజ్జీ తింటున్నాడు. చిగుళ్ల నుంచి రక్తం లేదు, ఒంటి మీద ఎర్ర మచ్చలు లేవు.

నేనూ పర్పుల్ మూత ట్యూబ్‌లో రక్తం తీసి కౌంటర్‌లో, అంటే కణాలు లెక్కపెట్టే మెషిన్‌లో పెట్టా. 19,000. నాకూ కాళ్లు వణికాయి. స్లైడ్ వేసి చూశా. మధ్యలో ప్లేట్‌లెట్లు నిజంగానే లేవు. స్లైడ్‌ను కొసకు, ఈక అంచులా పలచబడే చోటికి జరిపితే, అక్కడున్నాయి అన్నీ. తడి అటుకులు ముద్దకట్టినట్టు, గుంపులు గుంపులుగా.

పర్పుల్ ట్యూబ్‌లో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే మందు ఉంటుంది. ఎక్కడో ఒకరి రక్తానికి అది పడదు. ట్యూబ్‌లోనే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఒంట్లో మాత్రం మామూలుగానే ఉంటాయి. కౌంటర్ ఆ ముద్దను ప్లేట్‌లెట్లుగా లెక్కలో వేయదు. నీలం మూత ట్యూబ్‌లో, అంటే సిట్రేట్‌లో మళ్లీ తీశా. లక్షా అరవై వేలు. సిట్రేట్ ద్రవం కలిసినందుకు పదో వంతు కలుపుకుంటే ఇంకొంచెం ఎక్కువే. కారు వాపస్ పోయింది.

మరి ఏఐ ఉంటే పట్టేదా? ఆ ముద్ద ఫొటో చూపిస్తే పడుతుంది, ఎందుకు పట్టదు. అసలు మా మామూలు కౌంటరే ఆ రోజు ముద్దలున్నాయేమో చూడమని గుర్తు వేసింది. మొదటి ల్యాబ్‌లోనూ వేసే ఉంటుంది, చూసినవాళ్లు లేరు. ఇంకో సంగతేంటంటే, ఈ డిజిటల్ మైక్రోస్కోపులు ఎక్కువగా కణాలు విడివిడిగా పరుచుకున్న చోటునే ఫొటో తీస్తాయి. తెల్లకణాల రకం తేల్చడానికి అదే వీలు. కొసకు పోయి చూడాలని ఎవరికో ఒకరికి తట్టాలి. నాకు తట్టింది ఆ మిర్చిబజ్జీ వల్ల. యంత్రానికి బెంచీ కనబడదు కదా.

తర్వాత మన నీళ్లు. కణాలు కనబడడానికి స్లైడ్‌కు లీష్‌మన్ అనే రంగు వేశాక, పీహెచ్ 6.8 దగ్గర నిలకడగా ఉండే బఫర్ అనే ద్రవంతో కడగాలి. బఫర్ అయిపోయిందని క్షారం ఎక్కువున్న బోరు నీళ్లతో కడిగితే మొత్తం నీలమే. ఎర్రకణాలు కూడా నీలంగా కనబడతాయి, ఈసినోఫిల్ అనే తెల్లకణంలోని నారింజ రంగు గింజలు మసకబారతాయి. నేనైతే చూడగానే నీళ్ల తప్పని చెప్పేస్తా. చక్కగా బఫర్‌లో కడిగిన స్లైడ్ల మీదే నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ మన స్లైడ్ చూసి ఏమంటుందో, కొనేముందు మన స్లైడ్లతోనే పరీక్ష పెట్టి చూసుకోవాలి. డెమోకి కంపెనీ వాళ్లు తెచ్చే స్లైడ్లు ఎప్పుడూ అందంగానే ఉంటాయి.

అసలు ల్యాబ్ తప్పుల్లో ఎక్కువ భాగం శాంపిల్ మెషిన్‌లోకి వెళ్లకముందే జరుగుతాయి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ అనే సర్కారు పరీక్షల పథకం సంగతే తీసుకోండి. 2018లో హైదరాబాద్‌లో మొదలైంది, 2021లో మన జిల్లాలకొచ్చింది. పల్లె పీహెచ్‌సీలో తీసిన రక్తం బండి మీద జిల్లా హబ్‌కు, అంటే జిల్లాలోని పెద్ద ల్యాబ్‌కు వస్తుంది, రిపోర్ట్ ఫోన్‌కు పోతుంది. మంచి ఏర్పాటు. శాంపిళ్లన్నీ ఒక్కచోటికి చేరతాయి కాబట్టి ఏఐ ముందుగా వచ్చేది ఇలాంటి చోటికే అని నా లెక్క. కానీ మే నెల ఎండలో ఆ ప్రయాణం ఆలోచించండి. ట్యూబ్‌లో కూడా కణాలు బతికే ఉంటాయి, చక్కెర తింటూనే ఉంటాయి. ఊరికే వదిలేస్తే గంటకు ఐదు నుంచి ఏడు శాతం దాకా షుగర్ తగ్గుతుంది, వేడిలో ఇంకా ఎక్కువ.

అందుకే షుగర్‌కు గ్రే ట్యూబ్ వాడతాం. అందులో ఉండేది సోడియం ఫ్లోరైడ్. నవ్వొస్తుంది నాకు. నల్గొండ వాళ్ల ఎముకలు వంచిన ఫ్లోరైడే ఇక్కడ చక్కెరకు కాపలా కాస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి పేరే నల్గొండ టెక్నిక్. సరే, ఆ గ్రే ట్యూబ్ లేక ఎర్ర మూత ట్యూబ్‌లో తీసి మూడు గంటలు బండి మీద తిప్పారనుకోండి, షుగర్ ఉన్న మనిషికి నార్మల్ అని రావచ్చు. ఆ అంకె ఒక్కటే చూపిస్తే ఏ ఏఐ అయినా నార్మల్ అనే అంటుంది.

అట్లాగని మనిషే గొప్ప అనట్లేదు. నా తప్పు కూడా వినండి. ఉద్యోగంలో మొదటి ఏడు, నైట్ డ్యూటీ, తెల్లవారుజామున మూడు. ఎర్ర ట్యూబ్‌లో రక్తం చాల్లేదు. మళ్లీ సూది గుచ్చితే ముసలమ్మ ఏడుస్తుందని పర్పుల్ ట్యూబ్‌లోంచి కొంచెం ఒంపా. పొటాషియం 9, కాల్షియం 4 వచ్చాయి, ఒకటి మరీ ఎక్కువ, ఇంకోటి మరీ తక్కువ. ట్యూబ్‌లో ఉన్నది ఈడీటీఏ పొటాషియం ఉప్పు, అది కాల్షియాన్ని కూడా పట్టేస్తుంది. క్లాస్‌లో చదివిందే. నిద్రమత్తులో అట్లాగే రాసి పంపా. డాక్టర్ గారు ఫోన్ చేసి, "పొటాషియం 9 ఉన్న మనిషి నన్ను చాయ్ అడుగుతుందా?" అని తిట్టి మళ్లీ తీయించారు. 4.2. ఇలా రెండు అంకెలు కలిపి చూసి ఆగమని చెప్పడం సాఫ్ట్‌వేర్‌కు చిటికెలో పని. దానికి నిద్ర రాదు, ముసలమ్మ మీద జాలీ రాదు. ఆ రాత్రి నా పక్కన అలాంటిది ఉండాల్సింది.

నా భయం ఉద్యోగం గురించి కాదు, కన్ను గురించి. రోజంతా తెర మీద ఓకే నొక్కే పిల్లలకు, యంత్రం తప్పు చెప్పిన రోజు అది తప్పని ఎలా తెలుస్తుంది? వందల స్లైడ్లు చూసిన కంటికే ఆ తేడా దొరుకుతుంది. "మెషిన్ చూస్తుంది కదా, ఇద్దరి పని ఒక్కరే చేయండి" అనే యజమానులూ ఉంటారు. అప్పుడు కొస దాకా జరిపి చూసే తీరిక ఎవరికుంటుంది?

సాయంత్రం మేనకోడలికి ఫోన్ చేశా. కోర్సు మార్చకు బిడ్డా అన్నా. ఇప్పటిదాకా సొంతంగా ఎన్ని స్లైడ్లు వేశావని అడిగా. కాసేపు మాట్లాడలేదు. "ఆరు మామా. రికార్డుల ముప్పై రాసినం" అంది.

ఆదివారం రమ్మన్నా. ఒక పెట్టె స్లైడ్లు తీసిపెట్టా, రక్తానికి నా చెయ్యే ఉంది. మొదటి ఇరవై ఎలాగూ పారేయాల్సినవే వస్తాయి. బఫర్ మాత్రం అయిపోయింది, శనివారం లోపు తేవాలి.