నాలుగైదు రాళ్ళ మీద పారిస్ వీధి

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి బొమ్మ సరిగ్గా ఆనకపోతే ముందుకొచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇది పారిస్‌లో ఒక వీధి, కూరగాయల తోపుడు బండి. ఇలా బండి మీద కూరలూ పళ్ళూ అమ్మేవాళ్ళని అక్కడ ‘నాలుగు కాలాల వ్యాపారి’ అంటారు. ఏ కాలంలో పండింది ఆ కాలంలో తెస్తారు కదా! ‘పారిస్ జీవితంలో కొన్ని దృశ్యాలు’ పేరుతో ఫ్రెంచ్ చిత్రకారుడు పియేర్ బొనార్ వేసిన సంపుటిలోది ఈ బొమ్మ. చిత్రాల వ్యాపారి వొలార్ 1899లో దాన్ని వెలువరించాడు. పన్నెండు రంగుల లితోగ్రాఫులు, వాటికి తోడు ఒక అట్టబొమ్మ. వేసింది వంద ప్రతులు.

లితో అంటే రాయి. నేను ప్రెస్సులో పనికి చేరేనాటికి రాళ్ళు పోయి ఆఫ్‌సెట్ ప్లేట్లు వచ్చేశాయి. సూత్రం మాత్రం అదే, జిడ్డుకీ నీటికీ పడదు. 1790ల చివర్లో జర్మనీలో సెనెఫెల్డర్ దాన్ని పట్టుకున్నాడు. నున్నగా నూరిన సున్నపురాయి మీద జిడ్డు క్రేయాన్‌తో బొమ్మ వేస్తారు, అదీ కుడి ఎడమలు తిరగేసి. ఆమ్లం కలిపిన బంక పూసి, రాయి తడిపి, సిరా రోలర్ దొర్లిస్తే జిడ్డున్న చోటే సిరా అంటుతుంది. రంగుల బొమ్మయితే రంగుకో రాయి. ఒకే కాగితం అన్ని రాళ్ళ మీదికీ వెళ్ళిరావాలి. వెంట్రుకవాసి జరిగినా అంతే సంగతులు. సినిమా వాల్‌పోస్టర్లో హీరోయిన్ లిప్‌స్టిక్ గడ్డం మీదికి జారడం ఎన్నిసార్లు చూశానో! బొనార్‌కి ఆ టెన్షన్ లేకుండా చూసినవాడు ఒగుస్త్ క్లో అనే ముద్రాపకుడు.

రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టింది కూడా ఆ దశాబ్దంలోనే, 1894లో. మన ఇళ్ళలో లక్ష్మీ సరస్వతుల పటాలు ఆ దారిన వచ్చినవే. వాటిలో తైలవర్ణ చిత్రం మెరుపంతా దిగాలి, చీర అంచు జరీతో సహా. బొనార్ దారి వేరు. నాలుగైదు రంగులతో సరిపెట్టి మిగతా పని కాగితానికే వదిలేశాడు. ‘వానలో రాత్రి వీధి’ చూడండి. చీకటి, తడిసిన రోడ్డు, దాని మీద చెదిరిన దీపాల వెలుగు. మనుషులు మచ్చల్లా ఉన్నారు. వానలో పరిగెత్తేటప్పుడు ఎదుటివాడి ముఖం మనకి మాత్రం కనిపిస్తుందా?

ఈ పొదుపు జపాన్ చెక్క అచ్చుల నుంచి నేర్చుకున్నదే. 1890లో పారిస్‌లో వాటి పెద్ద ప్రదర్శన జరిగింది. స్నేహితులైతే బొనార్‌ని ‘జపాన్ పిచ్చి నబీ’ అని ఆటపట్టించేవారు. నబీలంటే ఇతనూ ఉన్న కుర్ర చిత్రకారుల బృందం. వీధిని మేడ మీంచి చూసి వేయడం కూడా అక్కడి అలవాటే. సంపుటిలో నాటకశాల బొమ్మ ఒకటుంది, నాకైతే అది అంతగా పట్టదు. లోపలికి వెళ్ళేసరికి ఆ గాలి ఆడలేదనిపిస్తుంది. ‘పెరట్లో ఇల్లు’ నాకు ఇష్టం. తెరిచిన కిటికీ చట్రం కూడా బొమ్మలోనే ఉంది. అంటే మనం అతని గదిలో నిలబడి ఎదురింటిని చూస్తున్నట్టే.

ఈ సంపుటి అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. కిటికీ తీస్తే కూరల బండి కిందనే ఉంది కదా, దాన్ని డబ్బిచ్చి గోడకి తగిలించుకోవడం దేనికి అనుకున్నారేమో.