కక్ష డ్యూటీ చార్టులో కనిపిస్తుంది

(గుంటూరులో నర్సులు, నర్సింగ్ విద్యార్థుల సమావేశంలో ఒక విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్ చేసిన ప్రసంగం)

సభలోని పెద్దలకు, సిస్టర్లకు, బ్రదర్లకు, నర్సింగ్ విద్యార్థులకు నమస్కారం. నైట్ దిగి, నిద్ర మానుకుని వచ్చినవాళ్లు కూడా ఈ హాల్లో ఉన్నారు. ముందుగా వాళ్లకు నా కృతజ్ఞతలు.

అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చింది 1883లో. 1898లో ఆమె ఇక్కడ ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచారు. అప్పటి నుంచీ ఈ ఊరు నర్సుల చేతుల మీద బతుకుతోంది. ఇవాళ కొత్తపేటలో ఏ సందులోకి తిరిగినా ఆసుపత్రి బోర్డే కనిపిస్తుంది. ఆ బోర్డుల వెనక నర్సులకు జరిగే వేధింపు గురించి, ఎదురుచెప్పినవాళ్ల మీద డ్యూటీ చార్టుతో తీర్చుకునే కక్ష గురించి మాట్లాడాలని వచ్చాను.

వార్డులో వేధింపు అరుపులతో మొదలవుతుంది. రౌండ్స్‌లో పేషెంట్ల ముందే "నీకు సర్టిఫికెట్ ఎవరిచ్చారు?" అంటారు. ఆ మాట పడిన నర్సు ఓర్చుకుంటే అక్కడితో సరి. తిరిగి ఒక్క మాట అన్నా, పైవాళ్లకు ఫిర్యాదు చేసినా, ఆ తర్వాత వచ్చే చార్టు, అంటే ఎవరికి ఏ షిఫ్టో రాసే పట్టిక, చూడండి. వరుసగా నైట్లు పడతాయి. వీక్లీ ఆఫ్ ఎగిరిపోతుంది. నైట్ దిగిన రోజే ఈవినింగ్ వేస్తారు. ఐసీయూలో చేయి తిరిగిన మనిషిని క్యాజువాలిటీకి పంపిస్తారు. సంక్రాంతికి లీవు అడిగితే "స్టాఫ్ లేరమ్మా, సర్దుకో" అంటారు. వీటిలో దేన్ని విడిగా తీసుకున్నా పాలనా అవసరంలాగే ఉంటుంది. అందుకే కక్ష అని నిరూపించడం కష్టం. కానీ మూడు నెలల చార్టులు పక్కపక్కన పెడితే, ఎవరి మీద పగబట్టారో ఎవరికైనా తెలుస్తుంది.

కాబట్టి చార్టు అతికించగానే ఫోటో తీసి పెట్టుకోండి. మార్చినప్పుడల్లా మళ్లీ తీయండి. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసేవాళ్లు సమాచార హక్కు చట్టం కింద కూడా కాపీలు అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక నోటు పుస్తకంలో తేదీ, టైము, ఏ షిఫ్టు, ఎవరు ఏమన్నారు, పక్కన ఎవరున్నారు అన్నది అదే రోజు రాయండి. తిట్టిన మాటను తిట్టినట్టే రాయండి. ఒక జాగ్రత్త: పేషెంటు పేరు రాయొద్దు, కేస్ షీటు ఫోటో అసలే తీయొద్దు. దాన్నే పట్టుకుని మీ మీద చర్య తీసుకుంటారు. పైగా అది పేషెంటుకు మనం చేసే అన్యాయం.

డబుల్ డ్యూటీ నోటిమాటగా చెబితే, "మీరు చెప్పిన ప్రకారం ఈ రాత్రి కూడా చేస్తున్నాను మేడమ్" అని మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి. ఫిర్యాదు రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు స్టాంపు వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. సంజాయిషీ అడుగుతూ మెమో ఇస్తే చింపొద్దు, ఏడవొద్దు, "కాపీ అందింది" అని మాత్రమే రాసి సంతకం చేయండి. గడువులోగా జవాబివ్వండి. కోపంలో రాజీనామా మాత్రం రాయొద్దు. ఇన్నాళ్లు పనిచేస్తానని రాసిచ్చిన బాండు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఎవరి చేతిలో ఉన్నాయో చూసుకున్నాకే ఆ ఆలోచన. అసలు చేరేటప్పుడే ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. విద్యార్థులు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి.

ఇది నర్సు ఒక్కదాని బాధ కాదు. పొటాషియం క్లోరైడ్ మందును పలచన చేయకుండా నేరుగా నరానికి ఎక్కిస్తే గుండె ఆగిపోతుందని మనందరికీ తెలుసు. డాక్టర్ రాసిన మందు ఆర్డరు మీద అనుమానం వచ్చినప్పుడు, అడిగితే అందరి ముందూ తిడతారన్న భయం ఉన్న పిల్ల నోరు తెరుస్తుందా? జనరల్ వార్డులో ఆరు పడకలకు ఒక నర్సు ఉండాలని కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ఎప్పుడో చెప్పింది. మన వార్డుల్లో రాత్రి పూట ఒక్కరు ఎంతమందిని చూస్తున్నారో మీకు నేను చెప్పాలా? ఆ సంఖ్యను ప్రతి షిఫ్టులో, డ్యూటీ అప్పగించేటప్పుడు రాసే హ్యాండోవర్ పుస్తకంలో రాయండి. రేపు ఏదైనా జరిగితే తప్పంతా మీ నెత్తిన పడకుండా ఆపేది ఆ ఒక్క లైనే.

ఇక్కడున్న ఇన్‌చార్జ్ సిస్టర్లకు చేతులెత్తి ఒక మాట చెబుతున్నాను. మీ మీద ఒత్తిడి ఉంది, నాకు తెలుసు. డాక్టర్ మిమ్మల్ని అంటారు, మీరు జూనియర్‌ని అంటారు. "మా రోజుల్లో ఇంతకంటే పడ్డాం" అనకండి. మనం పడ్డది చాలు. మార్నింగ్, ఆ తర్వాత ఈవినింగ్, ఆ తర్వాత నైట్, ఈ వరుసలో డ్యూటీలు తిప్పితే శరీరం కాస్త తట్టుకుంటుంది. వెనక్కి తిప్పితే నలిగిపోతుంది. ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు క్యాన్సర్‌కు దారితీసే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే చెప్పింది, 2019లో మళ్లీ చెప్పింది. చార్టు రాసేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

నైట్లు చేసే పిల్లలూ, తెల్లవారుజామున మూడు దాటాక కాఫీ తాగకండి, పగటి నిద్ర పాడవుతుంది. మన గుంటూరు ఎండల్లో కిటికీకి మందపాటి దుప్పటైనా కట్టి పడుకోండి. కళ్లు మూతలు పడుతుంటే స్కూటీ తీయొద్దు, ఆటోలో వెళ్లండి. టెన్షన్ భరించలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.

మామూలు వేధింపుకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు, అది నిజం. పనిచేసే చోట ఆడవాళ్ల మీద జరిగే లైంగిక వేధింపుకు మాత్రం 2013 చట్టం ఉంది. మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణముంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణ జరుగుతుండగా ఆ మనిషిని గానీ మిమ్మల్ని గానీ వేరే చోటికి మార్చమని, మూడు నెలల వరకు సెలవు ఇప్పించమని మీరు రాతపూర్వకంగా కోరవచ్చు. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి ఆసుపత్రిలో అంతర్గత కమిటీ ఉండాలి. ఆ కమిటీని వేసిన ఉత్తర్వును అందరికీ కనబడేలా పెట్టాలి. అంతకంటే చిన్న నర్సింగ్ హోమ్ అయితే, లేదా మీ ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. రేపు డ్యూటీకి వెళ్లగానే నోటీసు బోర్డు చూడండి. ఆ కమిటీ పేర్లు లేకపోతే నలుగురైదుగురు కలిసి సంతకాలు పెట్టి లెటర్ ఇవ్వండి. ఒక్కరి పేరుతో ఇవ్వకండి.